నలభై రెండో కట్ట

నలభై ఒకటో కట్ట పూర్తిగా పొగై గొట్టంలోంచి ఆకాశంలోకి వెళ్ళిపోయిన మర్నాడు, పొద్దున్న పదింటికి, బుద్రి రెండు బస్సులు మారి సిరిలిమెట్ట నుంచి విశాఖపట్నం వచ్చింది. చేతిలో చిల్లుల గొడుగు, భుజానికి గుడ్డమూట. కళ్ళకు పొరలు కమ్మి మూడేళ్ళయింది. ఆపరేషను మాటెత్తితే "సూసినకాడికి సాల్లే" అనేది. ఎరిమ కొండజనంలో తమ లిపి రాయడం, చదవడం వచ్చినవాళ్ళు ఇక ఎవరూ లేరు, ఆమె తప్ప.

లిపి నిక్షేపశాల మెట్ల దగ్గరే హైమావతి ఎదురెళ్ళి ఆమె చెయ్యి పట్టుకుంది. మూడేళ్ళపాటు కొండెక్కి దిగుతూ, ఎరిమ అక్షరాలు డెబ్బై రెంటినీ బుద్రి నోటినుంచీ వేలికొసనుంచీ సేకరించి, ఒక్కోదానికి ఒక్కో సంఖ్య చొప్పున పట్టిక తయారు చేసింది ఆమే. ఆ పట్టిక శుక్రవారం, లిపులకు సంఖ్యలిచ్చే అంతర్జాతీయ సంఘం ముందు ఖాయమవుతుంది. ఖాయమైతే ప్రపంచంలో ఏ ఫోనులోనైనా ఎరిమ అక్షరం రాయవచ్చు. అయితే దానికొక కఠిన నియమం ఉంది. ఒకసారి ఇచ్చిన సంఖ్యను మళ్ళీ తీసెయ్యరు, మార్చరు. తప్పని తేలినా సరే, ఆ తప్పు కూడా శాశ్వతమే.

"ఏటే పిల్లా, సిక్కిపోనావు. మీ ఇంట్లో వండుకోరేటి?" అంటూ బుద్రి మూట ఆమె చేతిలో పెట్టింది. "సింతపండు నీకు. కింద ఈ ఏడు రాయాల్సిన బెరడు పట్టె ఉంది, నలక్కుండా సూడు. నాకు ఆనదు. నాను సెప్తాను, నువ్వు రాసి పెట్టు."

"రాస్తాలే అవ్వా. ముందు విను. నిన్ననే నలభై ఒకటో కట్ట చదవడం పూర్తయింది."

ఎరిమవాళ్ళు ఏటికొక కాలపత్రం రాసుకుంటారు. వాన ఎప్పుడు పడింది, ఏ వాలులో సామ పండింది, ఎవరికి ఎవరితో తగవు తీరింది, ఇవీ సంగతులు. బెరడు పట్టెల మీద మసిసిరాతో మూడువందల ఏళ్ళుగా రాసినవన్నీ ఒక అటక మీద ఉండేవి. పదేళ్ళ కిందట ఆ అటక అంటుకుంది. జిగురు కరిగి, పట్టెలన్నీ ఒకదానికొకటి అతుక్కుని నలభై రెండు నల్లటి దుంగలుగా మిగిలాయి. విడదీయబోతే పొడి పొడి.

వాటి కోసం పుట్టిందే పొగచదువరి అనే యంత్రం. వెంట్రుకకన్న సన్నని కాంతి మొన బెరడును పొర తర్వాత పొర ఆవిరి చేస్తుంది. సిరా ఆవిరయ్యేటప్పుడు ఒక మిణుకు వెలుగుతుంది. ఆ మిణుకును బట్టి యంత్రం అక్షరాన్ని పోల్చుకుని దాని సంఖ్యను దాచుకుంటుంది. బొమ్మ తీసేంత వ్యవధి ఉండదు. సంఖ్య మిగులుతుంది, బెరడు మిగలదు. కాలినచోటా పురుగు తిన్నచోటా ఏ అక్షరం ఉండి ఉంటుందో ముందువెనకల మాటలను బట్టి నింపడానికి హైమావతి ఒక ప్రోగ్రాము రాసింది. దాని పేరు పూరణి. బుద్రి చూపు పూర్తిగా మందగించక ముందు రాసి ఇచ్చిన పత్రాల మీద పరీక్షిస్తే, వెయ్యి అక్షరాలు నింపితే నాలుగు తప్పులకు మించలేదు. ఆ ఫలితం వచ్చిన రోజున నిక్షేపశాలలో జిలేబీలు పంచారు.

యంత్రం తాను దాచుకున్న పాఠాన్ని పైకి చదవడం మొదలుపెట్టింది. గొంతు బుద్రిదే, ఆమె మాటలు పట్టి తయారుచేసినది. తన గొంతు తానే వింటూ బుద్రి కాసేపు తల ఊపింది. తర్వాత ఊపడం మానేసింది.

"ఇది కొండ జారిన ఏడేనా?"

"అదే అవ్వా."

"మరి ఊపిరి తియ్యదేటి?"

హైమావతి నవ్వింది. "యంత్రానికి ఊపిరెందుకు అవ్వా?"

"దానికి కాదే, సదివినోళ్ళకి." బుద్రి నవ్వలేదు. "ఆ ఏడు మా సినమావ ఇంట్లో ముగ్గురు మట్టికింద ఉండిపోనారు. ఆ ఇంటి అక్షరం ఆ ఏడంతా రాయరు. అది వొచ్చిన సోటల్లా ఒగ్గేస్తారు. సదివేటోడు ఆడ నోరుమూసి ఊపిరి తీస్తాడు. ఇదేటి, గడగడా సదివీసింది, ఎవుళూ సావనట్టు."

హైమావతి కాగితం దగ్గరికి లాక్కుంది.

ఒక్కొక్క ప్రశ్నే వేస్తూ పోయింది. డెబ్బై రెండు అక్షరాలు, డెబ్బై రెండు ఇళ్ళు. పెళ్ళిలో ఇంటి అక్షరాన్ని పసుపుతో గడప మీద రాస్తారు. ఇంట్లో చావు జరిగితే ఆ అక్షరం ఏడాదిపాటు సెలవు తీసుకుంటుంది. పోయినవాళ్ళ పేరు రాయకూడదు, పలకకూడదు. పత్రంలో ఆ ఖాళీ ఒక్కటే వాళ్ళ గుర్తు. మూడువందల ఏళ్ళ చావులకు ఎరిమవాళ్ళ దగ్గర ఇంకే ఆనవాలూ లేదు.

"ఇన్నేళ్ళూ నాకెందుకు చెప్పలేదు అవ్వా?"

"నువ్వు రాసేవి అడిగినావు. రాయనివి అడగనేదు."

యంత్రం ఇంకా చదువుతూనే ఉంది, హాయిగా, తడబాటు లేకుండా. బుద్రి దానివైపు తల తిప్పి, నిందిస్తున్నట్టు కాదు, మెచ్చుకుంటున్నట్టూ కాదు, "మీ మిషను మావోళ్ళందర్నీ బతికించీసినాది" అంది.

తర్వాత, అసలు అందుకే వచ్చినట్టు అడిగింది: "జొరాల ఏడు ఏ కట్టలో ఉంది?"

"చదివినవాటిలో రాలేదు. నలభై రెండులోనే ఉండాలి. అదొక్కటే మిగిలింది."

"సదవనేదు గదా?"

"గురువారం చదువుతుంది."

బుద్రి గొడుగు ఒడిలోకి తీసుకుంది. ముప్పై ఒక్క ఏళ్ళ కిందటి ఆ జ్వరాల్లోనే ఆమె కూతురు పోయింది, తొమ్మిదేళ్ళది. అప్పటి రాతగాడు బుద్రి మొగుడు. అతను పోయాక ఆ పని ఆమెకు వచ్చింది. కాని తమ ఇంటి చావు ఏటి పత్రాన్ని ఆ ఇంటివాళ్ళు తమ చేత్తో విప్పకూడదు. వేరేవాళ్ళు చదివితే వినవచ్చు. చదివేవాళ్ళు ఉన్నప్పుడు బుద్రికి ధైర్యం లేకపోయింది. ధైర్యం వచ్చేసరికి చదివేవాళ్ళు పోయారు, తర్వాత అటక కాలింది.

"ఒక్కపాలి ఆ ఊపిరి ఇంటే సాలే పిల్లా. మా ఇంటి అక్షరం గ్వే. అది వొచ్చినకాడ ఆగితే సాలు. మరేటొద్దు."

ఆ మధ్యాహ్నం హైమావతి పూరణి చిట్టాలన్నీ తిరగేసింది. నింపిన చోటల్లా ఒక గుర్తు పెట్టమని మొదట తానే రాసింది. తర్వాత, సంఘానికి పంపే నమూనా పాఠం గుర్తులతో మశూచి పోసినట్టు కనబడుతోందని, తొంభై ఐదు పాళ్ళు నమ్మకం ఉన్నచోట గుర్తు అక్కర్లేదని సవరించింది. సవరణ కింద తేదీ ఉంది, తన సంతకం ఉంది. ఎరిమ రాతగాళ్ళు ఎంతో శ్రద్ధగా వదిలిన ఖాళీలు పూరణికి అన్నిటికన్న సులువైనవి. అటూ ఇటూ సిరా చెక్కుచెదరకుండా ఉంటుంది కనుక. నూటికి నూరు పాళ్ళ నమ్మకంతో నింపుకుంటూ పోయింది. ఎక్కడెక్కడ నింపిందో చెప్పగల బెరడు ఇప్పుడు విశాఖ గాలిలో ఉంది.

సాయంత్రం ఇంటికొచ్చాక కూడా కాలు ఒకచోట నిలవలేదు. స్టవ్వు వెలిగించి ఆర్పింది. బట్టలు తీయడానికి మేడమీదికి వెళ్ళి, తీయకుండానే దిగింది. భర్త విశ్వపతి పోర్టు నుంచి వచ్చి, చెప్పులు విడిచి, హాల్లోంచి వంటగదికి నడిచాడు. నడిచినప్పుడు కిటికీ దగ్గర కుడివైపుకు ఒరిగి, అర్ధచంద్రాకారంగా చుట్టు తిరిగి వచ్చాడు. అక్కడ అతని తల్లి మంచం ఉండేది. ఆమె పోయి నాలుగు నెలలైంది. మంచం విప్పి ఇచ్చేసి మూడు నెలలైంది.

హైమావతికి కర్మకాండల మీద నమ్మకం లేదు, వాటితో పోట్లాటా లేదు. లేని మంచాన్ని చుట్టి నడిచే మనిషిని మాత్రం చూడలేకపోయేది. అందుకే ఆ చోటికి కొలత తీసుకుని బీరువా ఒకటి చేయమని చెప్పింది. శనివారం వస్తుంది.

"ఏమండీ, అలా ఎందుకు తిరుగుతారు?"

"ఎలా?"

"అక్కడేమీ లేదుగా. తిన్నగా రావచ్చుగా."

విశ్వపతి వెనక్కి తిరిగి నేలవైపు చూశాడు. "తిరిగానా?" అన్నాడు. సిగ్గుపడ్డట్టు నవ్వి, "బీరువా వస్తే ఎలాగూ తిరగాల్సిందేగా" అన్నాడు.

మంగళవారం ఆమె డైరెక్టరు గదికి వెళ్ళింది. గంధం ప్రకాశరావు కుర్చీ వెనక గోడమీద అమెరికా ఆదివాసుల చెరోకీ లిపి పటం ఉంటుంది. ఏ భాషా చదవడం రాని మనిషి ఒకడు, కాగితం మీద గీతలు మాట్లాడతాయని గ్రహించి, తన జాతికి తానే లిపి కట్టిన కథను ఆయన వచ్చినవాళ్ళందరికీ చెబుతాడు. ఆ రోజు చెప్పలేదు. హైమావతి చెప్పిందంతా విని, కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు.

"కాలిన బెరడు వెలుగు వేరు, ఖాళీ బెరడు వెలుగు వేరు అంటావు."

"అవును సార్. యంత్రానికి తెలుస్తుంది. ఆ తేడా అక్కర్లేదనుకుని నేనే పారేశాను. ఆఖరి కట్టకు పూరణి ఆపేస్తాను. కాని ఆ ఖాళీని దాచడానికి పట్టికలో ఒక చోటు కావాలి. డెబ్బై మూడోది."

"ఖాళీకి సంఖ్య! రేపు తుమ్ముకు కూడా ఇమ్మంటావు."

"మాటకూ మాటకూ మధ్య ఎడానికి సంఖ్య లేదా?"

"అది ప్రపంచానికంతటికీ ఉమ్మడి. వాడుకో."

"ఆ ఎడంలో ఎవరూ చచ్చిపోలేదు సార్." ఆమె గోడవైపు వేలు చూపింది. "చెరోకీవాళ్ళకు ఎనభై ఐదు అక్షరాలు చాలు. వాడుకలోంచి ఎప్పుడో పోయిన ఎనభై ఆరోదానికి కూడా చోటిచ్చారుగా?"

"ఇచ్చారు. ఎందుకంటే ఒకప్పుడు ఎవరో దాన్ని రాశారు. నీదాన్ని ఎప్పుడైనా, ఎవరైనా రాశారా?"

"రాయలేదు సార్" అంది. లేనిదాన్ని లేదని ఒప్పుకోవడం ఆమె నేర్చుకున్న శాస్త్రంలో మొదటి పాఠం. ఒప్పుకోవడం ఇంత కష్టంగా ఎప్పుడూ లేదు.

ప్రకాశరావు గొంతు తగ్గించాడు. "అమ్మా, విను. నలభై ఒక్క కట్టల పాఠం కల్తీ అని ఇవాళ బయటపెడితే పట్టిక వాయిదా పడుతుంది. మళ్ళీ ఎన్నేళ్ళకో. అప్పటికి సాక్ష్యం చెప్పడానికి ఆ ముసలామె ఉంటుందా? చచ్చినవాళ్ళ కోసం బతికున్న లిపిని చంపుకుంటావా?"

ఆయన దుర్మార్గుడు కాడు. అదే చిక్కు. ఆయన చెప్పిన ప్రతి వాక్యమూ సరైనదే.

గురువారం పొద్దున్న తొమ్మిదింటికి నలభై రెండో కట్టను గాజుపెట్టెలో పెట్టారు. పూరణిని హైమావతి స్వయంగా ఆపింది. బుద్రి రెండుసార్లు అడిగింది, "ఆపినావా?" అని. "ఆపేశాను అవ్వా" అని రెండుసార్లూ చెప్పింది. ఒక మీటను తన కుడిచేతి కింద ఉంచుకుంది. అది నొక్కితే గొంతు ఆగుతుంది. పాతకాలం పరికరం, పరీక్షల కోసం పెట్టుకున్నది.

సన్నటి పొగ లేచింది. తెర మీద అక్షరాలు ఒక్కొక్కటే పడసాగాయి. వెనకే గొంతు.

మొదటి పాతిక పొరల్లో వచ్చినవి మామూలు ఏళ్ళు. ఎక్కడో ఒక అక్షరం సెలవులో ఉంటుంది, గొంతు ఆగుతుంది. ఆగినప్పుడల్లా బుద్రి ఫలానా ఇల్లు అని గొణిగి, తానూ ఊపిరి తీసేది. హైమావతి తనకు తెలియకుండానే తీయసాగింది. పొగచదువరి తయారైనప్పటి నుంచి ఆ గదిలో మొదటిసారి, ఎరిమ పత్రాన్ని ఎరిమవాళ్ళు చదివినట్టు చదువుతోంది యంత్రం.

జ్వరాల ఏడు వచ్చింది.

డెబ్బై రెండు అక్షరాలకు ఇరవై మూడు లేవు. పత్రం జల్లెడలా ఉంది. గొంతు రెండు అక్షరాలు పలికి ఆగుతుంది, ఒకటి పలికి ఆగుతుంది. అర్థం అందడం లేదు. వాన గురించి రాశాడా, పంట గురించి రాశాడా తెలియదు. ఊపిరి మాత్రం వినిపిస్తోంది. బుద్రి ఇళ్ళ పేర్లు చెప్పడం మానేసింది. గొడుగు పిడిని రెండు చేతులా పట్టుకుని ముందుకు వంగింది.

తెర మీద హైమావతి ముందుగా చూసింది. గొంతుకు అందడానికి రెండు క్షణాల వ్యవధి ఉంటుంది.

గ్వే.

ఖాళీ కాదు. అక్షరం ఉంది. నిండుగా ఉంది.

ఆమె పూరణి దీపం వైపు చూసింది. ఆరి ఉంది. మిణుకు కొలత చూసింది. చుట్టూ ఉన్న అక్షరాలకు ఉన్న సిరాకు రెట్టింపు సిరా ఉందక్కడ. మళ్ళీ గ్వే. మళ్ళీ రెట్టింపు. పొరపాటున రాసింది కాదు. ఆ ఏడంతా, తన కూతురి అక్షరం వచ్చిన ప్రతిచోటా, ఆ రాతగాడు పట్టె చిరిగిపోయేంతగా ఒత్తి రాశాడు.

వేలు మీట మీద ఉంది. నొక్కితే గొంతు ఆగుతుంది. బుద్రికి కళ్ళు ఆనవు. బెరడు పొగై పోతోంది. ఇక ఈ లోకంలో ఎవరూ సరిచూడలేరు. నలభై ఒక్క కట్టల్లో తన నిర్లక్ష్యం వేల ఖాళీలను నింపింది. ఇప్పుడు దయతో ఒక ఖాళీని కల్పిస్తే లెక్క సరిపోతుందా? సరిపోదు, రెండు అబద్ధాలవుతాయి. ఆమెకు తెలుసు. తెలిసినా వేలు రావడం లేదు.

వేలు తీసింది.

"గ్వే" అంది యంత్రం, బుద్రి గొంతుతోనే.

బుద్రి తల ఎత్తింది. మరో రెండు ఖాళీలు, మరో అక్షరం, మళ్ళీ గ్వే. మళ్ళీ.

"ఆపినావన్నావు."

"ఆపేశాను అవ్వా. ఇది యంత్రం నింపింది కాదు. అక్కడ సిరా ఉంది. తక్కినవాటికన్నా రెండింతలు ఉంది."

పత్రం ముగిసింది. గొట్టంలో గాలి తిరుగుతున్న చప్పుడు మిగిలింది.

"ఒగ్గినావా అని నా మొగుణ్ణి అడిగినాను" అంది బుద్రి చివరికి. "సామ నూర్చిన దినాన అడిగినాను. ఒగ్గినానే, ఎందుకడుగుతావు అన్నాడు. నాను ఇప్పి సూడకూడదని ఆడికి తెలుసు. సచ్చినదాకా అదే మాట." ఆమె ముఖంలో ఏదో కదిలింది. నవ్వో ఏడుపో హైమావతి నిర్ణయించలేకపోయింది. "దొంగ సచ్చినోడు. మీ మిషను కన్నా ముందే బతికించీసినాడు."

"అవ్వా..."

"అందుకే ఏడుపు తీరనేదేమోనే నాకు. అది పోయిందని ఎవుళూ రాయనేదు గదా. ఇంక ఎలా పోద్ది?"

దిద్దమని అడుగుతుందేమో అనుకుంది హైమావతి. అడిగితే ఏం చెప్పాలో సిద్ధం చేసుకుంది: రాసి ఉన్నదాన్ని రాయలేదని చెప్పలేను అని. బుద్రి అది అడగలేదు.

"నా మూటేదే?"

చింతపండు కింద గుడ్డలో చుట్టిన పట్టె ఉంది, ఆ ఏటిది, లేత తేనెరంగులో. పక్కన వెదురు పుల్ల, చిప్పలో మసిసిరా.

"కూకో. నాను సెప్తాను. రాయి."

యంత్రాలన్నీ కట్టేసిన ఆ గదిలో, గాజుపెట్టె మీదే పట్టె పరిచి హైమావతి రాసింది. మూడేళ్ళుగా ఆ అక్షరాలను తెర మీద గీసిన చెయ్యి, బెరడు గరుకు మీద మెల్లగా నడిచింది. తొలకరి పదకొండో నాడు వచ్చింది. తూర్పు వాలులో ఏనుగులు దిగాయి. మాట వెంట మాట చెబుతున్న బుద్రి ఒకచోట ఆగి, నోరు మూసి, ఊపిరి తీసింది. అలవాటైన చెయ్యి ఆగలేదు. మాట సగంలో ఉంది, మిగిలిన అక్షరం గ్వే అని తెలుసు, పుల్ల దానంతటదే దిగింది.

బుద్రి చెయ్యి చటుక్కున వచ్చి మణికట్టు మీద పడింది. చూపు లేకపోయినా పుల్ల గీరుకునే చప్పుడు విన్నది.

"ఒగ్గు."

హైమావతి పుల్ల ఎత్తింది. ఒక అక్షరం వెడల్పు చోటు కళ్ళతో కొలిచి, దాన్ని దాటి పెట్టింది. అంత చిన్న చోటు దాటడానికి అంతసేపు పడుతుందని ఆమె అనుకోలేదు.

శుక్రవారం పట్టిక ఖాయమైంది, డెబ్బై రెండు అక్షరాలతో. దానితోబాటు పంపిన పాఠం తలభాగాన హైమావతి నాలుగు వాక్యాలు చేర్చింది. మొదటి నలభై ఒక్క కట్టల్లో రాతగాళ్ళు కావాలని వదిలిన చోట్లను నా ప్రోగ్రాము నింపింది. అవి చనిపోయినవారి గుర్తులు. ఎన్నో, ఎక్కడో ఇక తెలుసుకోవడానికి వీలులేదు. తప్పు నాది. ప్రకాశరావు అది చదివి, ఆమెతో మాట్లాడడం మానేసి, కొట్టెయ్యకుండానే పంపాడు. సంఘం అభ్యంతరం చెప్పలేదు. ఆ వాక్యాలను ఎవరైనా చదివారో లేదో కూడా తెలియదు.

శనివారం పదకొండింటికి బీరువా వచ్చింది. ఇద్దరు మనుషులు దాన్ని మోసుకుంటూ మెట్లెక్కి, ఆయాసపడుతూ హాల్లోకి తెచ్చారు.

"ఎక్కడ దింపమంటారమ్మా? ఆ కిటికీ దగ్గరేగా?"

విశ్వపతి పేపరు మడిచి లేచాడు. హైమావతి వంటగది గుమ్మంలోంచి బయటికి వచ్చి, కిటికీ ముందున్న బోసినేల వైపు చూసింది.

"వెనక గదిలో పెట్టండి" అంది. "ఇక్కడ చోటు లేదు."

బీరువా మోస్తున్నవాళ్ళు ఆ నేలనీ, ఆమెనీ మార్చి మార్చి చూశారు. బరువుగా ఉంది కనుక వాదించలేదు. ఆమె వాళ్ళకు దారి చూపడానికి ముందు నడిచింది, కిటికీ దగ్గర కుడివైపుకు ఒరిగి, చుట్టు తిరిగి.